రెండో గ్లాసు బియ్యం

నేను ఒక రేకు డబ్బాని. ఒకప్పుడు నా ఒంటి మీద ఎర్రరంగు సిలువ, దాని కింద 'పిడికెడు బియ్యం' అన్న మాటలు ఉండేవి. ఇప్పుడు సిలువలో నిలువు గీత ఒక్కటే మిగిలింది.

ఒంగోలు బజారులో మస్తాను అనే ఆయన పామాయిలు డబ్బా రేకుని కోసి, సుత్తితో సాపు చేసి, అంచులు మడిచి నన్ను తయారు చేశాడు. ఆ రోజు మేము పన్నెండుమందిమి పుట్టాం. మధ్యలో ఆయన నమాజుకి వెళ్లొచ్చి మా మూతలు బిగించాడు. నూనె డబ్బా మీది లక్ష్మీదేవి బొమ్మ సగం నా లోపలి వైపు ఉండిపోయింది. బయట సిలువ వేశారు. మనుషులు విడివిడిగా దాచుకునేవి నాలో ఇబ్బంది లేకుండానే సర్దుకున్నాయి.

మా పల్లె చర్చిలో స్త్రీల సమాజానికి ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. శనివారం సాయంత్రం బైబిలు ఉమన్, అంటే ఆడవాళ్ల కోసం చర్చి పెట్టుకున్న ప్రార్థన మనిషి, ఇంటింటికీ వచ్చి ఆ బియ్యం సంచిలో పోసుకుపోతుంది. వండుకునే దారి లేనివాళ్లకి అవి చేరతాయి.

మొదట నేను సంఘపెద్దగారి భార్య దగ్గర ఉన్నాను. ఆమె పిడికిలి బస్తాలోంచి నిండుగానే లేచేది. నా దగ్గరికి వచ్చేలోపు వేళ్ల సందుల్లోంచి సగం రాలి బస్తాలోకే పోయేవి. ఆమె చెడ్డ మనిషి కాదు. చేతిని చూసుకోకుండా, కళ్లు పైకెత్తి ప్రార్థించడం ఆమెకి అలవాటు. వాళ్లు టౌనుకి మారిపోతూ నన్ను సువార్తమ్మకిచ్చి వెళ్లారు.

సువార్తమ్మ, ఆమె భర్త ఇశ్రాయేలు, ఇద్దరే ఆ ఇంట్లో. ఇశ్రాయేలు ఊరి మంచినీళ్ల ట్యాంకు దగ్గర మోటారు వేసేవాడు. పిల్లలు లేరు. వాళ్లు ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు. పూటకి రెండు గ్లాసుల బియ్యం, అందులోంచి నాకొక పిడికెడు. పదహారేళ్లు ఆ కొలత మారలేదు.

ఇశ్రాయేలు మూడు రోజుల జ్వరంతో పోయాడు. ఎనిమిదో రోజుకి చుట్టాలందరూ వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం సువార్తమ్మ పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, బస్తా దగ్గర కూర్చుని రెండు గ్లాసులు చేటలోకి కొలిచింది. కొలిచాక చాలాసేపు కదల్లేదు. ఎసరు కాగుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

కొలిచిన బియ్యం తిరిగి బస్తాలో పోయకూడదని ఆమెకి అత్తగారు నేర్పింది. అందుకని ఒక గ్లాసు ఎసట్లో పోసి, రెండోది తీసుకుని నా దగ్గరికి వచ్చింది. ముఖం పక్కకి తిప్పుకుని పోసింది.

అది మొదటిసారి. సాయంత్రమూ అంతే. మర్నాడూ అంతే. ప్రతి పూటా రెండు కొలవడం, కొలిచాక గుర్తు రావడం, రెండోది నాలో పోయడం. దేవుడి పిడికెడు తీయడం మాత్రం ఆగిపోయింది. సరిగ్గా చెప్పాలంటే, ఆ రోజుల్లో ఆమె నాకు కానుకగా ఒక్క గింజ కూడా వేయలేదు. అయినా నేను ఎప్పుడూ లేనంత నిండుగా ఉన్నాను.

బైబిలు ఉమన్ రాహేలమ్మ ముసలావిడ, విధవ. నోరు పెద్దది. ముక్కుపొడుం డబ్బీ చీర కుచ్చిళ్ల దగ్గర దాచుకుని, అది ఎవరికీ తెలియదని నమ్ముతుండేది. మొదటి శనివారం నన్ను ఎత్తి, బరువు చూసి, సువార్తమ్మ ముఖం వంక చూసింది. నాలుగు శనివారాలు అలాగే సంచిలో పోసుకుపోయింది.

అయిదో ఆదివారం చర్చి మైకు మా వంటింటిదాకా వినిపించింది. పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో సువార్తమ్మ పేరు చెప్పారు. ఇంత దుఃఖంలో కూడా ఆ సహోదరి ఏడంతలు ఇస్తోందని, అటువంటి విశ్వాసం మనలో ఎందరికి ఉందని అడిగారు. జనం స్తోత్రం అన్నారు. ఆ వారం పల్లెలో డబ్బాలన్నీ బరువెక్కాయని తరువాత విన్నాను. కొందరి పిడికిళ్లు పెద్దవి కావడానికి దేవుడికంటే పక్కింటివాళ్లు ఎక్కువ ఉపయోగపడతారు.

సువార్తమ్మ చర్చి నుంచి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. మర్నాటి నుంచి వీధి తలుపు తీయడం తగ్గించింది. తరువాతి ఆదివారం చర్చికి వెళ్లలేదు. ఆ వారంలోనే ఒక పూట రెండు గ్లాసులు కొలిచి, రెండూ తెచ్చి నాలో పోసింది. పొయ్యి మీది ఎసరు దించేసింది. ఆ తరువాత అసలు ఎసరే పెట్టలేదు. కొలవడం మాత్రం మానలేదు. శుక్రవారానికి నా మూత పడలేదు. పక్కింటి పిల్లి వచ్చి మా పొయ్యిలో పడుకుంది. దాన్ని లేపేవాళ్లు లేరు.

నాకు చేతులుంటే ఆ బియ్యం తిరిగి ఆమె గిన్నెలో పోసేదాన్ని. డబ్బాకి నిండటం తప్ప ఇంకేమీ తెలియదు.

శనివారం రాహేలమ్మ వచ్చింది. నన్ను ఎత్తబోయి ఆగింది. మూత చూసింది, పొయ్యి చూసింది, పిల్లిని చూసింది. సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"ఏమ్మే సువార్తా, అన్నం తిని ఎన్నాళ్లయింది?"

"తిన్నా అత్తా."

"అబద్ధాలాడబాక. నువ్వు చెప్పకపోయినా డబ్బా చెబతంది."

పుట్టిన తరువాత నేను ఎవరి గుట్టూ చెప్పి ఎరగను. ఆ రోజు చెప్పినందుకు నాకు విచారం లేదు.

సువార్తమ్మ నేల చూస్తూ చెప్పింది. "అది కానుక కాదత్తా. ఆయన వాటా. ఒక్కదానికి కొలుచుకోవటం చేతగాక పోశా. అయ్యగారు మైకులో నన్ను అట్టా పొగిడాడు. నేను ప్రార్థన చేసి నలభై రోజులు దాటింది. దేవుణ్ణి పిలవాలంటే నోరు రాదు. ఇంక యే మొహం పెట్టుకుని పోను?"

రాహేలమ్మ పొడుం డబ్బీ బాహాటంగా తీసింది. పీల్చి, ముక్కు తుడుచుకుంది.

"నా మొగుడు పోయినప్పుడు నేను ఆర్నెల్లు చర్చి గుమ్మం తొక్కలా. నాకీ ఉజ్జోగం ఇచ్చేటప్పుడు ఆ సంగతి ఎవరూ అడగలా, నేనూ చెప్పలా. సరేగానీ, నీ బియ్యం యాడికి పోయినయ్యో ఎరుగుదువా? కాలు తీసేసిన పాపయ్య ఇంటికి. ఆ మొగుడూ పెళ్లాలు నెల నుంచీ అయ్యే తింటన్నారు. పళ్లెం ముందు కూచుని, ఇశ్రాయేలు ఇంటి అన్నం తండ్రీ, ఆ ఇంటి బిడ్డని ఆదరించు అని రెండు పూటలా నీకోసం అడగతన్నారు. నీకు నోరు రాకపోతే ఏమాయె. నీ బదులు వాళ్లు పిలస్తానే ఉన్నారు."

సువార్తమ్మ తలెత్తింది. ఆమె ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఆమె ఏడవలేదని విన్నాను. చెయ్యి చాచి నా అంచు పట్టుకుంది.

రాహేలమ్మ పిల్లిని అదిలించి పొయ్యి ముట్టించింది. గ్లాసు తెచ్చి నాలో ముంచింది.

"అయ్యి దేవుడియ్యి అత్తా" అంది సువార్తమ్మ.

"ఆయన నెల్లాళ్ల నుంచి తింటన్నాడుగా, ఈ పూటకి సర్దుకుంటాడు. నాకు ఆకలేస్తంది. రెండు గలాసులు సరిపోద్దా?"

"సరిపోద్ది" అంది సువార్తమ్మ. రెండో గ్లాసు తనే కొలిచింది. ఇశ్రాయేలు పోయాక ఆ గ్లాసు ఎసట్లో పడటం అదే మొదలు.

కూర లేదు. జాడీ అడుగున ఎండిపోయిన గోంగూర పచ్చడి ఉంది. ఇద్దరూ పళ్లేల ముందు కూర్చున్నారు. రాహేలమ్మ కళ్లు మూసుకుంది. ఊళ్లో అందరి ఇళ్లలోనూ గుక్క తిప్పుకోకుండా ప్రార్థన చేసే మనిషి, ఆ పూట పెదవి విప్పలేదు. అన్నం మీద ఆవిరి పలచబడింది. ఈగ ఒకటి వచ్చి పళ్లెం అంచున వాలి వెళ్లిపోయింది. ఆమె కళ్లు తెరవలేదు.

చివరికి సువార్తమ్మ గొంతు సవరించుకుంది.

"ప్రభువా, అన్నం ఉంది" అంది.

అంతకన్నా రాలేదు. రాహేలమ్మ ఆమేన్ అని, పచ్చడి ఆమె వైపు జరిపింది.

ఆ తరువాత గొప్ప విశేషాలేమీ జరగలేదు. తన గురించి చెప్పింది నిజం కాదని అయ్యగారితో చెప్పమని సువార్తమ్మ రాహేలమ్మని బతిమాలింది. ఆమె చెప్పింది కూడా. పొగడ్త మైకులో వినబడింది గానీ, సవరణ వినబడలేదు. ఆదివారాలు సువార్తమ్మ మళ్లీ చర్చికి వెళ్లసాగింది. శనివారాలు రాహేలమ్మ ఒక పూట ఇక్కడే తినేది. మిగతా రోజుల్లో ఇల్లు అంతకుముందులాగే ఉండేది. సాయంత్రం వేళ ట్యాంకు మోటారు ఎవరో వేసిన చప్పుడు వినిపిస్తే ఆమె చేతిలో పని ఆగిపోయేది. కాసేపటికి మళ్లీ సాగేది. ఒక గ్లాసే కొలవడం నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమె నేర్చుకోలేదు. రెండోది నాలో పోసేటప్పుడు ముఖం తిప్పుకోవడం మాత్రం మానేసింది. "ఇది ఆయనది. పాపయ్య ఇంటికి" అని నెమ్మదిగా చెప్పి పోసేది. దేవుడికి చెప్పేదో, ఇశ్రాయేలుకి చెప్పేదో నేను తేల్చుకోలేదు. బహుశా ఇద్దరికీ కావచ్చు.

తొమ్మిదేళ్లకి నా అడుగు తుప్పు పట్టి, గింజలు కారిపోవడం మొదలైంది. సమాజం వాళ్లు అందరికీ ప్లాస్టిక్ డబ్బాలిచ్చారు. నన్ను చర్చి వెనక గదిలో పెట్టారు. చిరిగిన చాపలు, క్రిస్మస్ నక్షత్రం కట్టిన వెదురు బద్దలు, పాడైన మైకు నా పక్కన ఉన్నాయి. గదికి కిటికీ లేదు. ఎవరూ రారు. పాత సామానుకి ఒంటరితనం కొత్త కాదు గానీ, అలవాటు కావడానికి మాకూ కొంతకాలం పడుతుంది.

బుధవారం మధ్యాహ్నాలు గోడకి అవతల స్త్రీల ప్రార్థన జరుగుతుంది. మాటలు నాకు స్పష్టంగా అందవు. చివర అందరూ కలిసి అనే ఆమేన్ మాత్రం గోడ దాటి వస్తుంది. అది అయిపోయి, చాపలు చుట్టే చప్పుడు ఇంకా మొదలు కాకముందు, 'అన్నం ఉంది' అన్న ఆ ఒక్క గొంతు వెనకగా ఆమేన్ అంటుంది. కొంచెం బొంగురుగా, తొందర లేకుండా.

అది వినేదాకా నేను బుధవారం అయిపోయిందనుకోను.