మిరపకాయల బడి

అధికారి తొమ్మిదింటికి వస్తానన్నాడు. పదిన్నర దాటింది. ప్రధానోపాధ్యాయురాలు రాజ్యం గదిలో కూర్చోలేక వరండాలోకి వచ్చింది, గేటు దాకా నడిచింది, వెనక్కి తిరిగింది. సత్తెనపల్లి రోడ్డు మీద పత్తి లారీ ఒకటి పోయింది. జీపు జాడ లేదు. పడమట మబ్బు పట్టింది.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఈ హైస్కూలును మిరపకాయల బడి అంటారు. కొందరు వెక్కిరించడానికే అంటారు. యాభై ఏళ్ల కిందట స్థలమిచ్చిన చెంచయ్య ఒక షరతు పెట్టాడు. కోతల రోజుల్లో తెల్లారుతుండగా గంట కొట్టాలి, తొమ్మిదింటికి పిల్లల్ని వదలాలి, సాయంత్రం మళ్లీ కూర్చోబెట్టాలి. మధ్యలో వాళ్లు కళ్లాలకు పోయి ఆరబోసిన మిరపకాయ తిరగేస్తారు. మిగతా ఊళ్లలో కోతలకని బడి మానిన పిల్లలు మళ్లీ రాలేదు. ఇక్కడ ఎవరూ మానలేదు. రాజ్యం కూడా చేతులు మండుతుండగా లెక్కలు చేసిన మనిషే. ఈ బడి ర్యాంకుల ఫ్లెక్సీ ఎన్నడూ కట్టలేదు. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు మాత్రం, పిల్ల ఆ బళ్లో చదివిందా అని అడుగుతారు.

ఈ వేళల సంగతి పైవాళ్లకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు తగ్గిన బళ్లను పక్క ఊరి బళ్లో కలిపేస్తున్నారు. ఇవాళ తనిఖీలో గదులు ఖాళీగా కనిపిస్తే దీని గతీ అంతే. పిల్లలు కళ్లాల్లో ఉన్నారంటే, పనికి పెట్టారని తల్లిదండ్రుల మీదికి వస్తుంది. అందుకని రాజ్యం నిన్న ఇంటింటికీ తిరిగి, ఈ ఒక్కపూట పిల్లల్ని ఉండనివ్వమని అడిగింది. సరేనన్నారు. అప్పటికి ఆకాశంలో మబ్బు లేదు.

యలమంద గేటు దగ్గరికి వచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే తరగతి. అతని కూతురు తేజశ్రీ ఇక్కడే తొమ్మిది చదువుతోంది. అతని కాయ బడి పక్క రోడ్డు మీద ఆరబోసి ఉంది. మామూలుగా రాజ్యం అని పిలుస్తాడు. కోపమొస్తే మర్యాద పెంచుతాడు.

"మేడం గారూ, తమరి ఆఫీసరు ముందొస్తాడా, వాన ముందొస్తదా?"

"పావుగంట చూడు యలమందా."

"నేను చూస్తా. మబ్బుకెవరు చెప్తారు?"

ఆఫీసుకు ఫోన్ చేసింది. దారిలో ఉన్నారన్నారు. ఇందాక చేసినప్పుడూ అదే మాట. తొమ్మిదో తరగతిలోకి తొంగిచూసింది. సౌజన్య టీచరు బోర్డు మీద రాస్తోంది. పిల్లలందరూ కిటికీ వైపు చూస్తున్నారు.

గాలి లేచింది. రాజ్యం గంట దగ్గరికి నడిచింది. సౌజన్య పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు వదిలితే బడి పోద్ది మేడం."

"కాయ తడిస్తే పిల్లల్ని కూలికి పంపుతారమ్మా. అప్పుడీ బళ్లో ఎవరుంటారు?"

గంట కొట్టింది. యూనిఫాంలతోనే పిల్లలు రోడ్డు మీదికి ఉరికారు. కొందరు కాయను కుప్పకు ఎగదోస్తుంటే కొందరు టార్పాలిన్ పట్టలు విప్పారు. గాలికి పట్ట నిలవక చుట్టూ నిలబడి అంచులు పట్టుకున్నారు. చినుకులు మొదలయ్యాయి. అప్పుడొచ్చింది జీపు. ముందుకు పోవడానికి దారి లేదు.

అధికారి ప్రసన్నకుమార్ గొడుగు వేసుకుని దిగాడు. వీళ్లంతా మీ పిల్లలేనా అని అడిగాడు. అవునంది రాజ్యం. అయితే హాజరు పిలవమన్నాడు. సౌజన్య పేర్లు చదువుతుంటే పట్ట వెనక నుంచి, కుప్ప అవతలి నుంచి జవాబులు వచ్చాయి. ఎవరిది ఏ గొంతో ఆయనకు తెలియలేదు. చేతులెత్తమన్నాడు.

"ఎత్తుతాం సార్," అంది తేజశ్రీ. "ఈ అంచు మీరు పట్టుకోండి."

యలమంద నవ్వాపుకోవడానికి మొహం తిప్పుకున్నాడు. అధికారి ఒక చేత్తో పట్టుకున్నాడు. గాలి తోసింది. గొడుగు వదిలి రెండో చెయ్యీ వేయాల్సి వచ్చింది. తేజశ్రీ చెయ్యెత్తింది.

వాన తగ్గాక ప్రసన్నకుమార్ జీపు పక్కన నిలబడి కళ్లజోడు తుడుచుకున్నాడు. గదుల్లో లేని పిల్లల్ని ఉన్నట్టు రాయలేనన్నాడు. రాజ్యం చెంచయ్య షరతు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. పైనుంచి వచ్చిన మనిషికి ఈ బడి వేళలు చెప్పడం ఇదే మొదలు. యలమంద వద్దన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు. ఆమె ఆగలేదు.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. తర్వాత, రేపు గంట ఎప్పుడని అడిగాడు.

"ఆరింటికండి."

"వస్తాను. గదుల్లోనే చూస్తాను. గుంటూరు నుంచి రావాలి గదా, కాస్త అటూ ఇటూ అయితే పిల్లల్ని వదలకుండా ఆగండి."

రాజ్యం రోడ్డు వైపు చూసింది. అంచున కొంత కాయ తడిసింది. తేజశ్రీ దాన్ని ఏరి వేరే పోస్తోంది.

"ఇవాళ ఆగామండి," అంది. "రేపు ఆగను."