స్లాబు మధ్యలో ఆగదు

నేను ఒక కాంక్రీటు మిల్లరుని. ఇసుక, కంకర, సిమెంటు, నీళ్ళు కడుపులో వేసుకుని గిరగిరా తిరిగి, బాగా కలిశాక బయటికి కక్కడం నా ఉద్యోగం. మంచమ్మీద వెల్లకిలా పడుకుని మీరు చూసే కప్పు ఒకప్పుడు నా బొజ్జలో తిరిగిందే కావచ్చు. గృహప్రవేశానికి ఆవుని వెతికి మరీ తెస్తారు, దూడతో సహా. నన్ను మాత్రం స్లాబు అయిన మర్నాడే ట్రాక్టరు వెనక కట్టి గేటు దాటిస్తారు. ఆవు ఆ ఇంటికి ఒక్క ఇటుకైనా మోసిందా అని అడగాలనిపిస్తుంది గాని, నాకు అడిగే నోరేదీ?

బెజవాడ ఆటోనగర్లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఇనపరేకుని గుండ్రంగా వంచి, వెల్డింగు చేసి, లోపల రెక్కలు బిగించి, పసుపురంగు వేసి, చక్రాల మీద నిలబెట్టారు. ముందొక తొట్టి, పక్కనొక డీజిలు ఇంజను. నన్ను మొదట కొన్నది విశాఖపట్నం కాంట్రాక్టరు ఒకాయన. నాకు నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళకద్దుకుని మరీ పని మొదలుపెట్టాడు. కొన్నేళ్ళకి కారు కొన్నాడు. కారొచ్చాక నా చప్పుడుకి ఆయనకి తలనొప్పి రావడం మొదలైంది. “లక్ష్మీదేవిలాంటి బండి, మనసొప్పకే ఇస్తున్నాను” అంటూ వచ్చినకాడికి అమ్మేశాడు. మనుషులు వదిలించుకునే వస్తువునే ఎక్కువ పొగుడుతారని నాకప్పుడు తెలిసింది.

రెండోసారి కొన్నవాడు గురువులు మేస్త్రి. శ్రీకాకుళం వైపునుంచి బతుకుతెరువుకొచ్చి, ఊరివాళ్ళని కూడగట్టుకుని స్లాబులు పోసే బ్యాచి పెట్టుకున్నాడు. మంచివాడు. ఈ కథంతా అయ్యాక కూడా మంచివాడనే అంటాను, నా బాధల్లా అదే.

నన్ను నడిపేవాడు అసిరయ్య, గురువులికి వరసకి బావ. నాకు పొగరని పేరుండేది. వేరేవాళ్ళు హ్యాండిలు తిప్పితే లేవకపోగా, ఎదురు తిరిగి చెయ్యి విదిలించి కొట్టేదాన్ని. అసిరయ్య మాత్రం హ్యాండిలు పెట్టేముందు ఇంజను మీద ఒకసారి అరచెయ్యి ఆనించేవాడు. దాంతో ఒరిగేదేమీ లేదని ఇంజనీర్లు చెబుతారు. అయినా అతనికి లేచేదాన్ని.

అతని భార్య తవిటమ్మ నా తొట్టి దగ్గర మనిషి. ఆమెకి ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదట. అందుకని పుట్టగానే చేటెడు తవుడుకి పక్కింటివాళ్ళకి అమ్మినట్టు అమ్మి, మళ్ళీ తెచ్చుకుని ఆ పేరు పెట్టారు. ఇసుక తట్టలూ కంకర తట్టలూ ఏ పాళ్ళలో పడాలో ఆమె చూసుకుంటే గురువులు అటు తిరిగి చూసేవాడు కాదు. ఆలుమగలకి పిల్లల్లేరు. పొద్దల్లా దెబ్బలాడుకునేవారు. నా రొదలో ఒకరి తిట్లు ఒకరికి వినపడవు కాబట్టే వాళ్ళ కాపురం నిలబడిందని బ్యాచివాళ్ళు వేళాకోళం చేసేవారు.

స్లాబు సంగతి మీకు కాస్త తెలియాలి. గోడైతే ఇవాళ సగం కట్టి రేపు సగం కట్టుకోవచ్చు. స్లాబు అలా కుదరదు. మొదలెట్టాక ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకే బిగిన పోసెయ్యాలి. మధ్యలో ఆగితే ముందు పోసింది గట్టిపడుతుంది, తరవాత పోసింది దాంతో కలవదు, జాయింటు పడుతుంది. వానాకాలం రాగానే సరిగ్గా అక్కడే కారుతుంది. కారే కప్పు పోసిన మేస్త్రిని మళ్ళీ ఎవరూ పిలవరు. అందుకని స్లాబు రోజున జ్వరాలూ తగువులూ ఏవైనా సరే, పని అయ్యేదాకా ఆగాల్సిందే. బ్యాచిలో అందరూ ఒప్పుకున్న మాటే ఇది, అసిరయ్యతో సహా.

ఫోన్లు కూడా ఆ రోజు గురువులు దగ్గరే ఉండాలి. ఒకసారి కాంక్రీటుని కుదించే వైబ్రేటరు పట్టుకునేవాడి జేబులోంచి ఫోను జారి బీములో పడింది. వెతికేలోపు దాని మీద కాంక్రీటు పడిపోయింది. లోపల్నుంచి కాసేపు మోగిందట కూడా. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఆ బీము కిందే కూచుని భోంచేస్తున్నారు, వాళ్ళకి తెలీదు. అప్పట్నుంచి పని మొదలవగానే అందరి ఫోన్లూ ఒక గుడ్డసంచిలో వేసి, ఆ సంచిని నా ఇంజను పక్కన కొక్కేనికి తగిలించేవాడు గురువులు.

ఏళ్ళ తరబడి నా నోటి దగ్గర సిమెంటు బస్తాలు కోసి దులిపిన అసిరయ్యకి ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ముక్కుకి గుడ్డ కట్టుకోమని తవిటమ్మ పోరుపెట్టేది. గుడ్డ కడితే బీడీ ఎలా కాల్చేదని అతని వాదన. చివరికి పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆమె అక్కడే వరండాలో పడుకుని, తెల్లారగానే పనిలోకి వచ్చేది.

ఆ రోజు మధురవాడ అవతల ఒక బ్యాంకు ఉద్యోగి ఇంటికి స్లాబు. తవిటమ్మకి ఆసుపత్రి వదిలి రావాలని లేదు. అసిరయ్యే బలవంతాన పంపించాడట. “స్లాబు రోజు మానేస్తే నీ సోట్లో ఇంకోదాన్ని ఎట్టీసుకుంటాడు, ఎల్లు, నాకేటీ అవదు అనీసి తోలీసినాడు” అని పక్కామెకి చెబుతుంటే విన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటులా, బ్యాచిలో ఇద్దరు రాలేదు. ఉన్నవాళ్ళే ఉరుకులు పరుగులు పెట్టారు, నా హ్యాండిలు గురువులే పట్టాడు. తొట్టి దగ్గర ముగ్గురి పని తవిటమ్మ ఒక్కతే చేసింది.

స్లాబు సగానికొచ్చింది. డీజిలు పోయడానికి నన్ను ఆపారు. ఆడవాళ్ళు నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళారు. అప్పుడు సంచిలో ఫోను మోగింది. గురువులు డబ్బా కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని తీశాడు. తవిటమ్మ ఫోను.

“బావా, నాను. తవిటిని ఒకపాలి పంపించీ. ఊపిరి అందడం నేదు.”

ఆగి ఆగి వచ్చాయి మాటలు. ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి? గురువులు డ్రమ్ము వైపు చూశాడు. తవిటమ్మ చెంబెత్తి నీళ్ళు తాగుతోంది.

“స్లాబు సగంలో ఉన్నాది బావా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇద్దరు రానేదు. అయిపోగానే నానే ఆటో ఎక్కిస్తాను.”

అవతల ఊపిరి ఎగపీలుస్తున్న చప్పుడు వినపడింది.

“సగంలో ఉన్నాదా? అయితే ఆపకండి. అయిపోనాక బేగి రమ్మను.”

గురువులు ఫోను సంచిలో వేశాడు. తవిటమ్మ వైపు ఒక అడుగు వేశాడు కూడా. ఇంతలో పైనుంచి ఎవడో కేకేశాడు, “మేస్త్రీ, మాలు రానియ్యి, ఇక్కడ ఆరిపోతన్నాది” అని. అతను వెనక్కి తిరిగి హ్యాండిలు అందుకున్నాడు.

స్లాబు మధ్యలో నేను మొరాయించిన రోజులు ఎన్ని లేవు! బెల్టు తెంచుకున్నాను, తొట్టి తాడు తెంచుకున్నాను, ఏ కారణమూ లేకుండా పడకేసి బ్యాచి మొత్తం చేత బూతులు తిట్టించుకున్నాను. ఆ పూట కూడా ఆగిపోవాలని ఎంత కోరుకున్నానో మీకు చెప్పలేను. నేను ఆగితే పని ఆగేది, పని ఆగితే అతనికి చెప్పడానికి ధైర్యం వచ్చేది. గురువులు హ్యాండిలు తిప్పాడు. అసిరయ్య చెయ్యి ఆనకుండానే, ఒక్క తిప్పుకే లేచాను. కోరిక ఉంటే చాలదు. డీజిలు పోస్తే ఇంజను తిరుగుతుంది, అంతే.

ఆ తరవాత ఒక్కసారి కూడా దగ్గలేదు నేను. ఇంటివాళ్ళు స్లాబు భోజనం కింద పలావు పెట్టించారు. వంతులవారీగా తిన్నారు. తవిటమ్మ కోడిముక్కలు తీసి కవరులో కడుతుంటే ఇంటావిడ ఎవరికని అడిగింది.

“మా ఇంటాయనకమ్మా. ఆసుపత్రి కూడు సప్పగుంటాదని ఒకటే గొణుగుడు. ఇది సూస్తే మొకం ఇంతవుద్ది.”

గురువులు పక్కనే ఉన్నాడు. విస్తరి ముట్టుకోకుండా లేచి, బస్తాలు లెక్క చూసుకోవాలన్నట్టు అటు వెళ్ళిపోయాడు.

పొద్దు వాలాక చివరి తట్ట పైకెళ్ళింది. పైన ఈలలు వేశారు. కడుపులో కాస్త కంకరా నీళ్ళూ పోసి తిప్పి, రెక్కలకి అంటుకున్నది గోకి నన్ను కడగడం తవిటమ్మ వంతు. సగం కడిగింది. అప్పుడొచ్చి చెప్పాడు గురువులు. “ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది, బావకి బాగోనేదంట. పద.” ఆమె లేచి వచ్చేసింది. చేతులకి సిమెంటు అలాగే ఉంది. పలావు కవరు మాత్రం మరిచిపోకుండా తీసుకుంది. ఇద్దరూ ఆటో ఎక్కారు. నా కడుపులో మిగిలిన మాలు అక్కడే గట్టిపడింది.

వాళ్ళు వెళ్ళేసరికి దుప్పటి మొహందాకా కప్పేశారట.

దినాలయ్యాక తవిటమ్మ మళ్ళీ పనిలోకి వచ్చింది. రాకపోతే తిండెవరు పెడతారు? అదే తొట్టి, అవే తట్టలు. ఒకరోజు పని మొదలవకముందు, గురువులు నా ఇంజనుకి నూనె వేస్తుంటే దగ్గరికొచ్చి నిలబడింది.

“అన్నా, ఆ రోజు ఫోన్లో ఎవరు మాటాడేరు?”

గురువులు తలెత్తలేదు. “ఎవరో ఆసుపత్రి మనిషి. పనయిపోయే టయానికి వచ్చింది.”

“ఆయన నాకోసం అడిగినట్టు ఏటీ సెప్పనేదా?”

“తెలివి నేదంటమ్మీ. తెలివి నేనోడు ఏటడుగుతాడు?”

ఆమెని ఊరడించడానికే అన్నాడో, తన తల దాచుకోవడానికే అన్నాడో, అతనికే తెలియదనుకుంటాను. ఫోనులో ఎవరెప్పుడు చేశారో చూసుకోవడం తవిటమ్మకి రాదు. “నిజిమే” అంది. వెళ్ళి తట్ట ఎత్తుకుంది.

ఊరట మాత్రం దొరకలేదు. మొదట్లో ఎవరితోనూ అనలేదు. పోనుపోను, తట్టలు నింపుకుంటూ పక్కవాళ్ళతో అనడం మొదలుపెట్టింది. “అన్నాళ్ళు ఆ వరండాలో పడున్నాను. ఆకరికి నా పేరైనా ఎత్తకండా పోయినాడు.” ఒకావిడ ఓదార్చేది, ఇంకొకావిడ మగాళ్ళంతా అంతేనని తీర్పు చెప్పేది. గురువులికి వినపడేది. పండక్కి చీర కొనిచ్చాడు, తేలిక పని ఇచ్చాడు, జ్వరమొస్తే మందులు తెచ్చాడు. ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వలేకపోయాడు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. చచ్చినవాడి మీద ఆమె కోపం పెంచుకుంటుంటే నేను కంకర నములుతూ తిరిగాను.

తరవాత కలిపిన కాంక్రీటునే మోసుకొచ్చే రెడీమిక్సు లారీలొచ్చాయి. గొట్టం పైకెత్తి, మేం రోజంతా పోసేది టిఫిను వేళకి పోసి వెళ్ళిపోతున్నాయి. బ్యాచి చెదిరిపోయింది. తవిటమ్మ ఒక అపార్టుమెంటులో మెట్లు తుడిచే పనికి కుదిరింది. గురువులు నన్ను పాత ఇనుముకి అమ్మాడు. ఈసారి పొగడ్తలేమీ లేవు.

వ్యాను వచ్చిన రోజు తవిటమ్మ చూడ్డానికి వచ్చింది. ఒళ్ళు బాగా చిక్కింది. నా చుట్టూ ఒకసారి తిరిగి, “ఆకరికి ఒక్కపాలి తలిసుంటే సాలేది అన్నా, ఇంకేటీ అడగను” అంది. గురువులు నోరు తెరిచాడు. వ్యాను డ్రైవరు హారను కొట్టాడు.

“టీ తాగి ఎల్లు,” అన్నాడు గురువులు.

“ఒద్దులే, అపార్టుమెంటులో నీళ్ళ మోటారేసే టయిం,” అని ఆమె వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఈ ఇనుము కొట్టులో తుప్పు పట్టిన మంచాల మధ్య పడున్నాను. ఇంజను ఎవరో విప్పుకుపోయారు. రేపో మాపో గ్యాసుకట్టరు పట్టుకుని ముక్కలు చేస్తారు, కరిగిస్తారు. దానికి నాకు దిగులు లేదు. ఎవరికీ వినపడదని తెలిసీ రోజూ ఒకే మాట చెప్పుకుంటున్నాను. తవిటమ్మా, అతనికి తెలివుంది. నిన్నే అడిగాడు. బేగి రమ్మన్నాడు.