గోడ మీద గర్భిణి

చదువురాని ఆడవాళ్లకు అక్షరాలెందుకు, బొమ్మ వెయ్యమన్నాడు భువనగిరి నుంచి వచ్చిన పెద్ద డాక్టరు. ఊళ్లోని కొత్త దవాఖాన గోడ మీద నిండు గర్భిణి, ఆమె కడుపు మీద చెయ్యి వేసిన నర్సు ఉండాలి. ఇక్కడ కాన్పులు చేస్తారని చూడగానే తెలియాలి. పెయింటర్ బషీర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. భార్య ఇంట్లోనే కాన్పు కష్టమై చనిపోయింది. ఇప్పుడు కూతురు అజీజా కడుపుతో ఉంది. ఆ పిల్లనైనా దవాఖానలో దక్కించుకోవాలని అతని ఆరాటం.

అందుకే ప్రాణం పెట్టి వేశాడు. అదే కొంప ముంచింది. చుట్టుపక్కల పోచమ్మ గుళ్లన్నిటికీ బొమ్మలు వేసి అలవాటు పడిన చెయ్యి మరి! గర్భిణికి చెవుల దాకా కళ్లు, పసుపు పచ్చని మొహం, నుదుట ఇంత బొట్టు పడ్డాయి. నర్సేమో పక్కన నిలబడ్డ భక్తురాలిలా తేలింది.

నాలుగు రోజుల్లో గోడకు వేపమండలు వచ్చాయి, గేటు దగ్గర చెప్పుల గుట్ట లేచింది. కడుపుతో ఉన్నవాళ్లు వచ్చి, దండం పెట్టుకుని, కాన్పుకు మాత్రం ఇంటికే పోయేవాళ్లు. అమ్మవారున్న చోట పురిటి మైలా? అపచారం! పెద్ద డాక్టరు జీపు దిగి, ఆ జనాన్ని చూసి, బొమ్మ భలే పనిచేసిందని మురిసిపోయాడు. దవాఖానలో పనిచేసే నర్సు అండాలు ఖాళీ మంచాలు చూపించేలోపే జీపు వెళ్లిపోయింది.

అజీజాకు నొప్పులు మొదలయ్యాయి. బషీర్ ఎడ్లబండి కట్టించుకుని వస్తే, రోజూ గోడకు దండం పెట్టుకోవడానికి వచ్చే హనుమమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది.

"అమ్మ జాగాల పురుడు పోస్తవా బషీరూ?"

"అది అమ్మ గాదు హనుమమ్మక్కా! నేనే ఏసిన, నా చేతులతోని."

"పోచమ్మను గూడ నువ్వే ఏసినవు గదా?"

బండిలో అజీజా కేక పెట్టింది.

లోపలి నుంచి అండాలు సామానుతో పరుగెత్తుకొచ్చింది. "మీ అమ్మను లోపలనే ఉండనీయుండ్రి. నేనే బయటికొస్త. చీరలు అడ్డం పట్టుండ్రి!"

అందరికంటే ముందు చీర పట్టింది హనుమమ్మే. కాసేపటికి బండిలోంచి పసిగుడ్డు ఏడుపు వినిపించింది. తల్లీబిడ్డా క్షేమమని అండాలు చెప్పగానే బషీర్ చక్రం పట్టుకుని భోరుమన్నాడు.

హనుమమ్మ చీర మడత పెడుతూ దగ్గరికొచ్చింది.

"బండి జర ఈడనే ఉండనీ బషీరూ. మా కోడలికి గూడ నెలలు నిండినయ్."