దగ్గు కాపలా

పొద్దు పొడిచేసరికి సైదులు మూడో రోహిల్లా దగ్గు దగ్గుతున్నాడు. అది కొట్టం వెనక నిలబడి దగ్గవలసినది. గొంతులో బరువుగా మొదలై, చివర గట్టిగా కాండ్రించడంతో ముగుస్తుంది. మొదటిది పెద్ద దర్వాజా దగ్గర, పొడిగా ఉండాలి. రెండోది అరుగు మీద, నిద్రలో పక్కకు తిరిగినవాడి దగ్గు. నాలుగోది బావి గట్టున. అందులో కాస్త పొగరు ఉండాలని ఆ ఇంటి దొర హుకుం.

జీతానికి కాపలా కాసే ఈ నలుగురు రోహిల్లా పఠాన్లనూ సూర్యాపేటలో ఎవరూ కళ్లారా చూడలేదు. తుపాకులు పట్టుకుని లోపలే కాపలా ఉన్నారని దొర బజారంతా చెప్పించాడు. ఉన్నది మాత్రం సైదులొక్కడే; నలుగురి దగ్గులూ అతనే దగ్గాలి. అతని చేతిలో కర్ర కూడా లేదు.

సన్నగా, పొడుగ్గా, నిట్టాడికి బట్ట చుట్టినట్టుండే మనిషి. నలభై దాటకుండానే నడుము వంగింది. ముంజేతుల మీద సున్నం తిన్న తెల్లమచ్చలు. దగ్గు తెర వచ్చినప్పుడు మెడ నరాలు తాళ్లలా లేచేవి, కళ్లలో నీళ్లు తిరిగేవి, కుడిచెయ్యి తనంతట తనే రొమ్ము మీదికి పోయేది. తెర పోయాక మాత్రం పని బాగా కుదిరిందన్న తృప్తితో మూతి తుడుచుకునేవాడు.

పుట్టింది పెన్‌పహాడ్‌లో. వయసంతా మిర్యాలగూడ దగ్గర ఒక సున్నపు బట్టీలో పోయింది. లోపలికి పోయిన సున్నం బయటికి రానని మొండికేసింది. దగ్గేవాడు గంప మొయ్యలేడని మేస్త్రీ పొమ్మన్నాడు. కోదాడలో ఒక పూటకూళ్లింట్లో ఎంగిలాకులు ఎత్తే పనికి కుదిరాడు. "నువ్వట్టా దగ్గుతుంటే విస్తరి ముందు ఎవడు కూర్చుంటాడురా? వెళ్లు" అన్నాడు ఆ ఇంటాయన. పోయిన వానాకాలం, సూర్యాపేటలో తల దాచుకుందామని ఎవరిదో అరుగెక్కి రాత్రంతా దగ్గాడు. తెల్లారి తలుపు తెరుచుకోగానే తన్నులు ఖాయమనుకున్నాడు.

"రాత్రంత దగ్గింది నువ్వేనారా?" అన్నాడు తలుపు సందులోంచి దొర.

"తప్పయింది, నీ బాంచన్ దొరా. పోతున్న."

"పోతె ఎట్ల? ఊరిడిసి వచ్చినకాడికెల్లి నాకు కంటి మీద కునుకు వట్టింది రాత్రే. రెండు పూటల బువ్వ పెడ్త. దగ్గుకుంట గీడనే ఉండు."

దొరది తుంగతుర్తి వైపు పల్లె. భూములూ గడీ అక్కడే వదిలి, పెళ్లాంతో వచ్చి ఈ కిరాయి ఇంట్లో గడియ పెట్టుకున్నాడు. దొరల భూములు పంచే సంఘంవాళ్లు ఎక్కడ వెతుక్కుంటూ వస్తారోనని భయం. రజాకార్లు చందాకని వస్తారని భయం. వాళ్లిద్దరి నుంచీ కాపాడటానికి పోలీసులు వస్తే కోళ్లు మిగలవని ఇంకో భయం. మంగలి కత్తికి భయపడి గడ్డం పెంచాడు. ఆ గడ్డంతో ఎవరనుకుని ఎవరు కాలుస్తారోనని అద్దం చూసి జడుసుకునేవాడు. ఒకప్పుడు ఆయన దగ్గితే ఊరు ఊరంతా లేచి నిలబడేది. ఇప్పుడు ఇంకొకడు దగ్గితే తప్ప ఆయన పడుకోలేకపోతున్నాడు.

భయం అంటుజబ్బు. నెల తిరక్కుండా సైదులు దగ్గు వాడకట్టు మొత్తానికి పనికొచ్చింది. అతను రాత్రి మొదటి దగ్గు దగ్గితే గానీ తల్లులు దీపాలు ఆర్పేవారు కారు. పక్కన కిరాణం నడిపే లింగన్న మరీ ముందుచూపు ఉన్నవాడు. బెల్లం ముక్క చేతిలో పెట్టి, "జర మా దిక్కు గూడ మొకం పెట్టి దగ్గు, సైదులూ" అనేవాడు. ఇక సైదులుకు జలుబు చేసిందంటే దొర ఇంట్లో పండగే. దొరసాని రోజూ శ్రద్ధగా పులిసిన మజ్జిగ పోసేది.

ఇంతమందికి ధైర్యం పంచే సైదులుకూ ఒక భయం ఉంది. దగ్గు తగ్గిపోతే? ఆ భయంతోనే పెళ్లాం ఉప్పలమ్మ కాచి తెచ్చే కషాయాలన్నీ ఆమె అటు తిరగగానే బావి పక్క చిక్కుడు పాదుకు పోసేవాడు. పాదు మాత్రం ఏపుగా పెరిగింది.

ఆ రోజు మధ్యాహ్నం ఉప్పలమ్మ కూలి పని మధ్యలోనే వచ్చింది. చేతిలో దవాఖాన సీసా. అరుగు మీద అతని పక్కన కూర్చుంది.

"కంపౌండరు సత్యానందం సారు ఇచ్చిండు. ఇది దగ్గు ఆగనీకేనంట. లోపలి రోగం ముదిరింది, రేపు పొద్దుగాల తోల్కరా, మంచం ఇస్త అన్నడు. ఇంక ఆలిస్యం చేస్తె తన చేతుల లేదన్నడు."

"దగ్గు పోతె బువ్వ పోతది గదనే."

"నువ్వే పోతె?"

సైదులు ఆమె వైపు తిరిగి చూశాడు. దొర భయానికి దగ్గాడు, లింగన్న భయానికి దగ్గాడు, దారిన పోయే వాళ్ల భయానికీ దగ్గాడు. ఈమె భయం ఎవరికి చెప్పుకుంటుంది? అతనికి సిగ్గేసింది. సీసా అందుకుని, చిక్కుడు పాదు వంక చూడకుండా, చెప్పినంత మోతాదు తాగేశాడు.

కాసేపటికి రొమ్ములో ఎవరో రంపంతో కొయ్యడం మానేసినట్టయింది. గాలి అడ్డం లేకుండా లోపలికి పోయి, అడ్డం లేకుండా బయటికి వచ్చింది. అతను ఆశ్చర్యంగా పెళ్లాం మొహం చూశాడు.

"గాలి గింత సల్లగుంటదానే?" అన్నాడు. "రేపు పోదాం తియ్."

అరుగు మీదే ఒరిగాడు. ఉప్పలమ్మ అతని గొంగడి తెచ్చి భుజాల దాకా కప్పింది.

వీధికి ముందు ఏం తక్కువైందో తెలియలేదు. తెలిశాక లింగన్న తూకం మధ్యలో ఆపేశాడు. ఎదురింట్లో పట్టపగలే గడియ పడింది.

"సైదిగా, దగ్గుతలేవేందిరా?" తలుపు సందులో దొర గడ్డం కనబడింది. "అరేయ్, ఒక్కటే. సిన్నది."

"జర పండనీయుండ్రి దొరా. ఎన్నేండ్లకో నిదురవట్టింది" అంది ఉప్పలమ్మ.

పొద్దు వాలింది. వాడకట్టు వాళ్లు ఒక్కరొక్కరే అరుగు ముందు చేరారు. ఎవరికి వాళ్లు గొంతు సవరించుకుని, అది దగ్గు అనిపించుకోలేక ఊరుకున్నారు. లింగన్న దుకాణంలోంచి చిటికెడు నశ్యం తెచ్చాడు. తుమ్మితే దాని వెంట దగ్గు కూడా రాకపోదని అతని లెక్క. వంగి సైదులు ముక్కు దగ్గర పట్టాడు. వేళ్ల మధ్య నశ్యం కదల్లేదు. లింగన్న మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని ఉప్పలమ్మ వైపు చూశాడు.

ఆమె మొగుడి రొమ్ము మీద చెవి పెట్టింది. తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపుకి లోపల దొరసాని కూడా ఏడ్చింది.

దొర గడప దాటి వచ్చాడు. ఈ ఇంట్లో చేరిన తర్వాత ఆయన వీధిలో నిలబడటం అదే మొదలు. కళ్లలో నీళ్లు నిండాయి. అవి సైదులు కోసమో, రాబోయే రాత్రి కోసమో ఆయనకే తెలియదు. అంతలో ఎవరో చూస్తున్నట్టనిపించి మళ్లీ గడప లోపలికి జరిగాడు.

లింగన్న సామాను బండి కట్టించి తెచ్చాడు. నలుగురూ కలిసి సైదులును బండి మీద పడుకోబెట్టారు. ఉప్పలమ్మ అరుగు మీది గొంగడి చేతిలోకి తీసుకుంది.

"అది ఉండనియ్యి, ఉప్పలమ్మా" అన్నాడు దొర తలుపు సందులోంచి. "ఇంకో మనిషి దొరికెదాంక."

"కప్పుకోనీకా దొరా?"

"కాదు. మనిషి లెక్క కూసోవెట్టనీకి."

ఉప్పలమ్మకు కడుపు మండింది. కాల్చేసేటట్టు చూసింది ఆయన వంక. సందులో గడ్డం గజగజ వణుకుతోంది.

"ఆయినకు గూడ సలి వెడ్తుండె దొరా" అని మాత్రం అని, చేతిలోని గొంగడి అరుగు మీద పెట్టి బండి వెనకాల నడిచింది.

బండి మలుపు తిరిగేసరికి మసక చీకటి పడింది. మూసిన తలుపు వెనక నుంచి అలవాటులేని గొంతుతో ఒక సన్నని దగ్గు వినబడింది. లింగన్న దుకాణం కట్టేస్తూ ఆగి, తల తిప్పి చూశాడు. అరుగు మీద స్తంభానికి ఆనించిన గొంగడి, ముసుగు కిందికి లాక్కుని, వీధి వైపు కూర్చుని ఉంది.