సగంలో ఆగిన ప్రశ్న

అన్యాయం ఎవరికి జరిగింది? కన్నెగంటి సువార్తకు. ఎలా జరిగింది? నిండు సభలో ఆమె ప్రశ్న సగంలో ఉండగా ఆమె చేతిలోని మైకు మూగబోయింది. సాక్షి ఎవరని మీరు అడగవచ్చు. నేనే. అయితే సాక్షినని చెప్పుకొని తప్పించుకునే హక్కు నాకు లేదు. ఆ మూగబోయిన మైకు కూడా నేనే.

నేను ఒక మైకును. వేదిక మీద వెలిగే జాతి కాదు నాది. ప్రేక్షకుల మధ్య చేతులు మారుతూ తిరిగే, తీగ లేని, ప్రశ్నల మైకును. కర్మాగారంలో నా తలకు ఇనుప జల్లెడ బిగించిన మనిషి ఆ తల మీదే రెండు మొట్టికాయలు వేసి, "హలో, హలో" అన్నాడు. ఆనాటి నుంచి నన్ను పట్టుకున్న దాదాపు ప్రతి మనిషీ అదే పని చేశాడు. నేను పనిచేస్తున్నానంటే ఎవరూ నమ్మరు. మనుషుల మాటను వెంటనే నమ్మకూడదని నేనూ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.

నా మొదటి యజమాని ఒక కల్యాణ మండపం. అక్కడ "రెండే ముక్కలు చెబుతాను" అన్నవాళ్ళు విస్తళ్ళు వేసేదాకా నన్ను వదిలేవారు కారు. మండపం మూతపడ్డాక విజయవాడలో సౌండు సామాను అద్దెకిచ్చే కొండయ్య నన్ను కొన్నాడు. అతని వెంటే ఆ సభకు వెళ్ళాను.

ఏటా ఒక ఇంజనీరింగు కళాశాల ఆడిటోరియంలో రెండు రోజులు జరిగే సభ అది. ఎవరైనా తీసుకుని, విప్పి చూసి, బాగుచేసి వాడుకోగలిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో వెబ్‌సైట్లు కట్టేవాళ్ళు అక్కడ చేరతారు. ఒకరు వెబ్‌సైటు త్వరగా తెరుచుకునే ఉపాయం చెబుతారు. మరొకరు చిన్న ఫోనులో కూడా పేజీ చక్కగా కనబడే పద్ధతి చూపుతారు. వాళ్ళ నియమం ఒక్కటే. పని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మొదట చేసినవారి పేరు మాత్రం చెరపకూడదు. ఆ పేరు తప్ప వాళ్ళకు వేరే ప్రతిఫలం లేదు.

వినడానికి గొప్ప నియమమే. కాని వేదిక మీద "ఇది మనందరిదీ" అని వినబడ్డప్పుడల్లా నేను జాగ్రత్తపడేదాన్ని. ఆ మాట అన్నవారి తెర మీద మొదటి బొమ్మ తరచుగా వారి సొంత ఫోటోయే.

సువార్త అంధుల పాఠశాలలో లైబ్రేరియను. పిల్లలు ఫోను చేత పేజీలు చదివించుకుని వింటారు. తెలుగు వెబ్‌సైట్లు వచ్చేసరికి ఆ ఫోను గొంతు తడబడేది, "కి.మీ." కనబడితే "కిమీ" అనేది, తేదీలను తలకిందులుగా చదివేది. పాఠశాల వదిలాక పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు "టీచర్, ఇక్కడ తేడాగా ఉంది" అన్న ప్రతిచోటా దిద్దుతూ, ఆరేళ్ళలో ఆమె ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. నలుగురికీ అందుబాటులో పెట్టమని, తన నమూనా పేజీతో సహా ఒక పెన్‌డ్రైవులో నీలాద్రికి ఇచ్చింది. నీలాద్రి ఆ సభను నడిపేవాడు, మంచి మాటకారి. అతను దాన్ని అందుబాటులో పెట్టాడు, తన పేరుతో.

ఆ సంవత్సరం వేదిక మీద అతను "నేను ఆరేళ్ళు పడ్డ శ్రమ" అంటుండగా, ఆమె లేచి నన్ను అందుకుంది. నన్ను మొట్టకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

"నీలాద్రి గారూ, ఈ పనిలో మొదటి పేరు ఎవ..."

అతను కొండయ్య వైపు చేయి ఊపాడు. కొండయ్య బటను నొక్కాడు. మిగిలిన మాట నా గొంతులోనే ఉండిపోయింది.

"మేడంగారూ, డౌటుంటే అడగండి, ఉపన్యాసాలొద్దు. భోజనాల టైమైపోయింది!" అన్నాడు నీలాద్రి. సభ నవ్వింది. ఆ వారంలోనే ఆమెకు అసూయ అనీ, ఆమె అబద్ధాలకోరు అనీ వాళ్ళ చర్చల్లో రాశారట. సభ రోజునే, సామాను సర్దేటప్పుడు ఆమె కొండయ్య దగ్గర ఆగింది.

"ఎందుకయ్యా ఆపావు?"

"సారు చెయ్యూపారమ్మా, నేనేం జేసేది?"

ఆమె వెళ్ళిపోయింది. అతను నన్ను పెట్టెలో పెడుతూ నా వైపు చూడలేదు.

మూడేళ్ళు గడిచాయి. సువార్త ఏటా వచ్చి చివరి వరుసలో కూర్చునేది. చేయి ఎత్తేది కాదు. ఆమె వరుస వైపు నన్ను ఎవరూ తెచ్చేవారు కూడా కాదు. అది మరుపో, జాగ్రత్తో నాకు అనుమానమే.

నాలుగో ఏడు నీలాద్రి ప్రసంగం "చూపు లేనివారికీ చేరే వెబ్‌సైట్లు" అన్న విషయం మీద. తెర మీద నమూనా పేజీ, దాని మీద ఒక తీగ ఫోటో. ముగించగానే ముందు వరుసలో నల్ల కళ్ళద్దాల యువతి చేయి ఎత్తింది. ఆమె పేరు నజీరున్నీసా, బ్యాంకులో ఉద్యోగం, పుట్టుకతోనే చూపు లేదు. నన్ను ఆమె చేతిలో పెట్టారు.

"సార్, మీ పేజీని మీరెప్పుడైనా ఫోన్లో చదివించుకుని విన్నారా?"

"వినకుండా ఎలాగమ్మా? వందసార్లు విన్నాను."

"అయితే ఇంకోసారి వినండి సార్. నూటొకటవుద్ది."

ఆమె అదే పేజీ తెరిచిన తన ఫోనును నా ముందు పెట్టింది. ఫోటోల వెనుక చూపున్నవారికి కనబడని మాటలు ఉంటాయి. చూపు లేనివారికి ఫోను వాటినే చదివి వినిపిస్తుంది. నీలాద్రి కంటికి కనబడిన ప్రతిచోటా పేరు చెరిపాడు. చెవికి వినబడేది అతను ఒక్కసారీ వినలేదు. ఫోను గొంతు నాలోంచి ఆడిటోరియం అంతా పరుచుకుంది.

"మా పెరటి బచ్చలి తీగ. పిల్లలూ, దీని ఆకు తాకితే నూనె రాసినట్టు నున్నగా ఉంటుంది. ఫోటో తీసి, ఈ పేజీ తయారుచేసింది మీ సువార్త టీచరు."

నీలాద్రి చేయి ఊపాడు. కొండయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"కొండయ్యా, మైకు!"

"బటను పంజెయ్యట్లేదండి."

"పొద్దున పనిచేసిందిగా!"

"అదేనండి, ఆ పాడు బటను ఎప్పుడు పంజేస్తదో తెలవదు."

ఈసారి సభ నవ్వు వేరు. కొండయ్య తన బల్ల వదిలి వచ్చి, నన్ను నజీరున్నీసా చేతిలోంచి అడిగి తీసుకుని, చివరి వరుసదాకా నడిచాడు. "అమ్మా, ఆ రోజు మిగిలింది అడగండి," అన్నాడు.

ఆమె నన్ను అందుకుంది. ఇప్పుడూ మొట్టలేదు.

"నీలాద్రి గారూ, ఈ పనిలో మొదటి పేరు ఎవరిది?"

అతను కాలరుకున్న మైకును చేత్తో మూసి ఏదో గొణిగాడు.

"వినబడలేదు. కిందికి వచ్చి ఇందులో చెప్పండి."

అతను మెట్లు దిగి వచ్చాడు. వేదిక మీది మనిషి ప్రశ్నల మైకు దగ్గరకు నడిచి రావడం నేను మొదటిసారి చూశాను. అతని ఊపిరి నా జల్లెడకు వేడిగా తగిలింది.

"సువార్త మేడంగారిదండి. పేరు నేనే తీసేశాను."

"తీసినవారే పెట్టాలి. ఇక్కడే, అందరి ముందూ," అందామె.

పెట్టాడు. మళ్ళీ వేదిక ఎక్కి, తెర మీద ఒక్కొక్క ఫైలు తెరిచి, పైవరుసలో ఆమె పేరు తిరిగి రాశాడు. మార్పుకు కారణం రాయవలసిన చోట వేళ్ళు ఆగిపోయాయి. ఆమె కదలలేదు. చివరకు "దొంగిలించిన పేరును తిరిగి ఇస్తున్నాను" అని రాశాడు. నలభై మూడు ఫైళ్ళు. భోజనాల వేళ దాటింది. ఈసారి ఎవరూ గుర్తుచేయలేదు.

ఇప్పుడు నా జల్లెడ సొట్టపోయింది. బ్యాటరీ తీసేసి కొండయ్య నన్ను పాత తీగల అడుగున పడేశాడు. నాకేమీ చింత లేదు. నేను సువార్తకు పడ్డ బాకీ ఒకే ఒక్క మాటలో సగం. ఆ సగాన్ని, ఆమె గొంతుతోనే, అదే సభలో, అందరూ వింటుండగా ఇచ్చేశాను.