వంతెన మీద శాలువా

ఇంకా తయారే కాని ఆటకు ముందుగా డబ్బు కట్టినవాణ్ణి నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. వాడు మా మేనల్లుడు. తిరగడానికి ఉన్న మోటార్ సైకిల్ అమ్మేసి మరీ కట్టాడు. కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసి బతికేవాణ్ణి నేను. మోటారు గిర్రున తిరిగి చూపిస్తేగాని నా చేతిలో పైసా పడదు, అప్పుడు కూడా బేరమాడతారు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. రేపు వాళ్ళు బోర్డు తిప్పేస్తే ఎవరి చొక్కా పట్టుకుంటావురా?" అన్నాను.

"తిప్పరు మామయ్యా. ఈ కాలంలో ఇలాంటి ఆటలు ఎవడికి కావాలని పెద్ద కంపెనీలు వీళ్ళని గుమ్మంలోంచే పంపేశాయి. అందుకని ఆడేవాళ్ళమే తలా కొంచెం వేసుకుంటున్నాం. ఎంతమంది వేశారో తెలుసా?"

వాడు చూపించిన ఆట నాకేమీ గొప్పగా కనిపించలేదు. మేడమీద నుంచి వీధిలోకి చూస్తున్నట్టు బొమ్మలు, చీమలంత మనుషులు. ఎవరితోనైనా మాట్లాడితే పేజీలకు పేజీలు చదువుకోవాలి. ఎవరితోనైనా స్నేహం చెయ్యొచ్చట, ఎవరినైనా చంపొచ్చట. పాతకాలం ఆటల పద్ధతి అదేనట. ఎక్కువ కట్టినవాళ్ళను ఆటలో ఒక మనిషిగా పెడతారని చెప్పాడు. రాజో, మంత్రగాడో అవుతాడేమో అనుకుంటే, మావాడు వంతెన కాపలావాణ్ణి అవుతానన్నాడు. దారినపోయే ప్రతివాడితోనూ కబుర్లు చెప్పొచ్చని వాడి ఆశ. ఆ కబుర్లు కూడా తనే రాసి పంపించాడు.

ఇస్తామన్న గడువుకి ఆట రాలేదు. మావాడి రక్తంలోకి జబ్బు మాత్రం వచ్చింది. వాడు పోయిన తర్వాతి ఏడాదికి ఆట విడుదలైంది.

అంతకుముందే, ఆటలో మాటలు రాసే అమ్మాయి మా చెల్లెలికి ఫోన్ చేసి పలకరించింది. "మీ అబ్బాయి రాసినదాంట్లో ఒక్క అక్షరం మార్చలేదండీ. వంతెనవాడు ఒక శాలువా కప్పుకుంటాడని రాశాడు. ఆ శాలువాకి నేనో శక్తి పెట్టాను. కప్పుకున్నవాళ్ళకి బాణాలు తగలవు. ఆ ప్రాంతంలో అంత మంచి వస్తువు ఇంకోటి లేదు. అందరూ తనని గుర్తుపెట్టుకోవాలని," అంది. మా చెల్లెలు కళ్ళు తుడుచుకుని ఆ పిల్లని నూరేళ్ళు బతకమని దీవించింది. సన్మానం చెయ్యడానికి శాలువా కప్పారంటే ఆ మనిషి పని అయిపోయినట్టేనని నేను హాస్యమాడేవాణ్ణి. ఆ రోజు నోరు మూసుకున్నాను.

ఆట తెగ అమ్ముడుపోయింది. గుమ్మంలోంచి పంపేసిన పెద్ద కంపెనీలవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారని పేపర్లో రాశారు. మా చెల్లెలు ఒక దుకాణానికి కర్టెన్లు కుడుతుంది. మౌస్ పట్టుకోవడం కూడా తెలియని మనిషి, కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుని, తోడేళ్ళ చేతిలో పదే పదే చచ్చి, తిరిగి లేచి, నెలల తరబడి కిందామీదా పడి వంతెన దగ్గరికి చేరింది. నన్ను నా మోటార్ల కొట్టులోంచి పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుంది.

చలికి ముడుచుకుని నిలబడ్డ చిన్న బొమ్మ. దానిమీద నొక్కితే అక్షరాలు వచ్చాయి.

"రండి, రండి. తిన్నారా? తినకపోయినా నా దగ్గరేమీ లేదులెండి, ఊరికే అడిగాను."

వాడే. అచ్చం వాడే.

"మాకో మామయ్య ఉన్నాడు. నవ్వితే పళ్ళు అరిగిపోతాయని ఆయన భయం."

మా చెల్లెలు ఫక్కున నవ్వింది. కొడుకు పోయాక నేను చూసిన మొదటి నవ్వు అది. ఇంకా చాలా కబుర్లు చెప్పాడు. అన్నీ విన్నాక చివర్న అన్నాడు: "ఈ శాలువా చూస్తున్నారా? అంచు మా అమ్మ కుట్టింది. అడక్కండి, ఇవ్వను."

అంతటితో ఆమె ఆట ఆగిపోయింది. ముందుకి వెళ్ళాల్సిన పని ఆమెకేముంది? రోజూ పనికి వెళ్ళేముందు కాసేపు ఆ వంతెన మీద నిలబడి, అవే కబుర్లు మొదటినుంచీ విని వెళ్ళేది. మనిషి కాస్త తేరుకుంది.

తన కొడుకు గురించి లోకం ఏమనుకుంటోందో చూడాలని ఆమెకి బుద్ధి పుట్టింది. ఇంటర్నెట్‌లో వెతికింది. నేను వెళ్ళేసరికి కుర్చీలో బిగుసుకుపోయి ఉంది. ఎదురుగా ఒక వీడియో. 'వంతెనవాణ్ణి సులువుగా చంపడం ఎలా' అని దాని పేరు. మావాడి మాటలన్నీ వింటేగాని శాలువా సంగతి బయటపడదు కాబట్టి, ఎవడో వాటిని వరసగా విన్నాడు. "ఇవ్వను" అనగానే కత్తి దూశాడు. మావాడు వంతెన మీద బోర్లా పడ్డాడు. ఒంటిమీది శాలువా ఒలిచి పట్టుకుపోయాడు. కింద వందలకొద్దీ జనం మెచ్చుకోళ్ళు. 'పాపం, సరదా మనిషి. శాలువా మాత్రం అదిరింది' అని రాశాడొకడు. అలాంటి వీడియోలు ఇంకా బోలెడున్నాయి. కొన్న ప్రతివాడి కంప్యూటర్లోనూ ఒక వంతెన, దానిమీద మావాడు; ఆట అమ్ముడైనకొద్దీ చస్తూనే ఉన్నాడు.

మర్నాడే కొట్టు మూసి ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. కొత్త కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. మాటలు రాసే అమ్మాయి బయటికి వచ్చింది. ఉన్న కోపమంతా ఆమెమీద కక్కేశాను.

"తప్పు నాదేనండీ. మంచి వస్తువున్నవాణ్ణి ఈ ఆటల్లో బతకనివ్వరని నాకు తెలిసుండాలి," అంది.

"వాడు చావకుండా చెయ్యమ్మా."

"చెయ్యలేనండీ. ఎవరినైనా చంపొచ్చని మాటిచ్చే అందరి దగ్గరా డబ్బు తీసుకున్నాం. మీ మేనల్లుడు కూడా అది నచ్చే ఇచ్చాడు. పోనీ, శాలువా తనే ఇచ్చేసేలా రాయనా?"

"ఇవ్వననే కదా వాడు రాసింది! వాడి మాటమీద చెయ్యి పెట్టొద్దు."

"అయితే శక్తి తీసేస్తాను. మామూలు శాలువా అయిపోతుంది. దానికోసం ఎవరూ చంపరు."

అన్నట్టే చేసింది. గెలిచొచ్చినట్టు మా చెల్లెలికి చెప్పాను. ఆమె మళ్ళీ వంతెన మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది. నేనూ నా మోటార్లలో పడ్డాను.

కొన్నాళ్ళకి మా చెల్లెలే కొట్టుకి వచ్చింది. రాగి తీగ చుట్టల మధ్య స్టూలు లాక్కుని కూర్చుంది.

"శాలువా శక్తి మళ్ళీ పెట్టమని ఆ అమ్మాయికి చెప్పు అన్నయ్యా."

నాకు మతిపోయింది. "ఏం మాట్లాడుతున్నావే? వాణ్ణి చంపుతారే!"

"ఇప్పుడు వాడి దగ్గరికి ఎవరూ రావట్లేదు. ఆ వీడియో పెట్టినవాడే ఇంకోటి పెట్టాడు. వంతెన దగ్గర ఏమీ లేదు, టైం దండగ, కింద వాగులోంచి దాటెయ్యండి అని. అంతా అలాగే పోతున్నారు."

"పోతే పోనీ. ప్రాణం సుఖంగా ఉంది కదా వాడికి!"

"సుఖమా?" అంది. "ఆస్పత్రిలో మొదట్లో స్నేహితులొచ్చారు. తర్వాత ఎవరి పనులు వాళ్ళవి. ఆఖర్న ఆ గదిలోకి వచ్చిందెవరు అన్నయ్యా? సూదులు గుచ్చేవాళ్ళు, రక్తం తీసేవాళ్ళు. తలుపు చప్పుడైతే చాలు, లేచి కూర్చునేవాడు. తిన్నారా అని అడిగేవాడు. గుచ్చించుకుంటూనే కబుర్లు చెప్పేవాడు. వాళ్ళు రాని రోజే వాణ్ణి చూడలేకపోయేదాన్ని."

చేతులు తుడుచుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేసి, శాలువాకి మళ్ళీ శక్తి పెట్టమన్నాను.

"మళ్ళీ చంపుతారండీ," అంది ఆ పిల్ల. "ఈసారి ఇంకా ఎక్కువమంది. వచ్చే నెల ఆట సగం ధరకే ఇస్తున్నాం."

మా చెల్లెలి వైపు చూశాను. తల ఊపింది.

"తెలుసమ్మా," అన్నాను. "రానీ."