ఐదు దగ్గర ఆపాలి

ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడాయన. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారాయి. రెండు చేతులకూ పనుండటంతో భుజంతో పైకి నెట్టుకున్నాడు. వేడిని లాగే కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టి, దాని మీద చల్లబరిచే కూలరు కూర్చోబెట్టి, నాలుగు మరలనూ ఎదురెదురుగా ఒక్కో చుట్టు బిగించాడు. పందొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ లేని గది.

ఆ కంప్యూటర్ల దుకాణం ఆయన బావమరిదిది. అతను బావా అని పిలవడం విని పనివాళ్ళు, వాళ్ళను విని కొనేవాళ్ళు కూడా బావా అనసాగారు. మా ఆవిడకి ఇంతమంది తమ్ముళ్ళున్నారని పెళ్ళిలో ఎవరూ చెప్పలేదని ఆయన నవ్వేవాడు. ఈ మధ్య ఆ నవ్వు తగ్గింది.

ప్రాసెసర్‌ను తయారీదార్లు పెట్టిన వేగం కంటే పైకి నడిపించి, అక్కడ నిలుస్తుందో లేదో చూడటం ఆయన పని. వేగం పెంచితే వోల్టేజీ చాలక లెక్క తప్పుతుంది. వోల్టేజీ పెంచితే వేడెక్కుతుంది. ఆ వేడిని కూలరు మోయలేకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో కాలు మోపేంత చోటు వెతకడానికి ఒక్కోసారి వారం పట్టేది.

ఇవాళ్టి యంత్రం, ఇంకా కట్టని భవనాలకు కదిలే బొమ్మలు తయారుచేసే ఒకావిడది. మూడు రోజులు ఆగకుండా నడిస్తేగాని ఒక బొమ్మ పూర్తికాదు. పాత యంత్రం రెండుసార్లు మూడో రోజున ఆగిపోయి, పెద్ద పని చేజారిందని ఆవిడ ఫోనులో చెప్పింది. బావమరిది మాత్రం ఐదు పాయింట్ రెండు గిగాహెర్ట్జ్ అని ఆవిడకు మాటిచ్చేశాడు. తక్కువ వోల్టేజీతో ఆ వేగంలో నలభై నిమిషాలకే ఆగిపోయింది. వోల్టేజీ పెంచితే వేడి తొంభై ఏడు డిగ్రీలకు ఎక్కి కూర్చుంది. ఆయన వేగాన్ని ఐదుకు, వోల్టేజీని ఒకటి పాయింట్ రెండు ఆరుకు దించాడు. ఎనభై ఒకటి దగ్గర వేడి నిలబడింది. టెస్టు పెట్టి భోజనానికి వెళ్ళాడు.

తిరిగి వస్తూ మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని ఆగాడు. నెల రోజులుగా అక్కడే ఊపిరి అందడం లేదు. ఇంట్లో చెప్పలేదు. తలుపు దగ్గరికి రాగానే ఫాన్ల హోరు మారిందని తెలిసింది. లోపల బావమరిది నిలబడి ఉన్నాడు. పెట్టె మీద కొత్త స్టిక్కరు ఉంది: 5.2.

"పది నిమిషాలు చూశాను బావా. బాగానే నడిచింది."

"పది నిమిషాలు ఎవరైనా పరిగెడతారు. ఇది మూడు రోజులు నడవాలి."

ఆయన గోటితో స్టిక్కరు ఊడదీసి, వేగం, వోల్టేజీ మళ్ళీ దించి, టెస్టు మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. బావమరిది ముఖం కందిపోయింది. ఇచ్చిన మాట ఏం కావాలన్నాడు. కోపంలోనే, ఇన్నాళ్ళూ నాన్చుతూ వచ్చిన సంగతి కూడా బయటపెట్టాడు. కొత్తగా వచ్చే బోర్డులు వేగం, వోల్టేజీ తామే సర్దుకుంటాయట. వచ్చే నెల నుంచి ఈ బల్ల ఉండదు, బావ కింద కౌంటర్లో కూర్చోవచ్చు.

"సరే. దీన్ని మాత్రం ఐదు దగ్గర ఆపాలి," అన్నాడాయన.

బావమరిది తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు. ఆయన తెర ఎదుట స్టూలు మీద కూర్చున్నాడు. పెట్టెలోంచి బయటికొచ్చే గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. వెచ్చగా, ఒకే తీరుగా తగిలింది. కాసేపటికి వీపు గోడకు ఆనించాడు.

అయిదింటికి, తొందరపడి అన్నానని చెప్పుకోవడానికి బావమరిది పైకి వచ్చాడు. టెస్టు మొదలై నాలుగో గంట నడుస్తోంది. తెర మీద తప్పులు సున్నా, వేడి ఎనభై ఒకటి. బావా అని రెండుసార్లు పిలిచి, భుజం తట్టాడు. తల పక్కకు వాలింది. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియలేదు.

పదిహేను రోజుల తరువాత బొమ్మలు చేసే ఆవిడ వచ్చి తన యంత్రం తీసుకెళ్ళింది. చెప్పినదాని కంటే వేగం తక్కువేనని బావమరిది ఒప్పుకున్నాడు. వారానికి ఆవిడ ఫోను చేసి, మూడు రోజుల పని ఆగకుండా పూర్తయిందని, యంత్రాన్ని సరిచేసినాయనకు చెప్పమని అంది. చెబుతానన్నాడతను.

ఆ సాయంత్రమే ఆయన భార్య, భర్త సామాను కోసం వచ్చింది. బల్ల సొరుగులో చివరిదాకా చుట్టి పిండిన పేస్టు గొట్టాలు, వాటి వెనక దూదిలో చుట్టిన ఒక ప్రాసెసర్ ఉన్నాయి. ఇదేమిటక్కా అన్నాడు తమ్ముడు.

"ఈయన ఇక్కడ చేరిన మొదటి నెలలో కాల్చేసింది. వోల్టేజీ ఎక్కువ పెట్టేశారట. ఆ రోజు ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు."

ఆమె దాన్ని సంచిలో వేసుకోలేదు, పారెయ్యమనీ అనలేదు. ఖాళీ బల్ల మీద, దూది విప్పి, బోర్లా పెట్టి వెళ్ళింది. దాని అడుగున, వరుసగా మెరుస్తున్న పసిడి చుక్కల నడుమ, గోరంత మేర, గోధుమరంగు మచ్చ.